పదమూడో స్లైడు

కోరుట్ల బస్టాండు వెనక సందులో అనురాధకు ఓ జిరాక్స్ దుకాణం ఉంది. పేరుకే జిరాక్స్. ఆమె అసలు పని స్లైడ్లు చేయడం. బీఈడీ చదివే పిల్లలకు పాఠాల స్లైడ్లు, వ్యవసాయ ఆఫీసుకు పసుపు తెగుళ్ళ మీద స్లైడ్లు, ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేసుకోవడానికి పెళ్ళివాళ్ళ స్లైడ్లు. ఒకప్పుడు ఒక్కోదానికి పూటంతా పట్టేది. ఇప్పుడు కంప్యూటర్లో ఏఐ అసిస్టెంటు వచ్చి కూర్చుంది. సంగతి చెప్పి పన్నెండు స్లైడ్లు కావాలంటే, తెప్పించుకున్న చాయ చల్లారేలోపు పన్నెండూ పరిచేస్తుంది. అందులో సగం పొగడ్త, పావు వంతు లేనిపోనిది. ఆ రెండూ ఏరి పారేయడంలోనే ఉంది అనురాధ పనితనమంతా. బియ్యం ఎవరైనా కడుగుతారు, రాళ్ళేరడానికే కళ్ళు కావాలి.

అంత పనిమంతురాలికి కన్నతండ్రి స్లైడ్లు చేయాల్సి వచ్చేసరికి చేతులాడలేదు.

శ్రావణమాసం ముసురులో ఓ పొద్దున ఆ తండ్రి మార్కండేయులు వేములవాడలో బస్సు మారి, నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని దుకాణం మెట్టెక్కాడు. సిరిసిల్లలో ముప్పై ఐదేళ్ళు సాంచాలు నడిపిన మనిషి. సాంచాలంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, కరెంటు మగ్గాలు. ఒక్క కార్ఖానాలో ఇరవై ముప్పై ఒకేసారి ఆడుతుంటే, పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా పెదవులు కదలడమే కనిపిస్తుంది. ఆ మోత ఆయన చెవులు రెంటినీ మెల్లమెల్లగా తినేసింది. ఇప్పుడు గట్టిగా అరిస్తే సగం వినిపిస్తుంది. మామూలుగా మాట్లాడితే ఏమీ వినిపించదు. భార్య నర్సవ్వ పోయి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి ఆయన మాటలు కూడా తగ్గిపోయాయి. వినలేనివాడితో ఎవరు ముచ్చట పెడతారు? అన్నం తిన్నావా, మందులు వేసుకున్నావా అని అరిచి, తల ఊపితే తమ పని చూసుకుంటారు.

ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి కూతురి ముందు పెట్టాడు. జగిత్యాలలో కొత్తగా చేనేత శిక్షణ కేంద్రం పెడుతున్నారు. ఇరవై మంది ఆడవాళ్ళకు, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి నేసే గుంట మగ్గం నేర్పాలి. నేర్పే గురువు ఒక్కడే కావాలి. వచ్చినవాళ్ళు పదిహేను నిమిషాల్లో, స్లైడ్లు వేసి, తమ పని ఏమిటో కమిటీకి చూపించాలి. ఇంకో తొమ్మిది రోజుల గడువుంది.

అనురాధ కాగితం చదివి, ఈ వయసులో రోజూ జగిత్యాల దాకా ఎందుకు బాపూ, ఇక్కడ నా దగ్గర ఉండరాదా అని అరిచింది. ఆయనకు వినిపించిందో లేదో, వినిపించనట్టే ఉన్నాడో, గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"ఒక్కసారన్న మళ్ల గుంటల కాళ్లు వెట్టి కూసోవాలె బిడ్డా. చేతులు మరిచిపోకముందె. గంతకంటె నాకేం వద్దు."

ఆ మాట అనేటప్పుడు ఆయన అరికాళ్ళు రెండూ చెప్పుల్లో ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. ఆయనకు తెలియకుండానే కదిలాయి. సిరిసిల్ల ఇంట్లో ఒకప్పుడు ఓ గుంట ఉండేది. నర్సవ్వ పోయిన ఏడాది స్లాబు వేసినప్పుడు దాన్ని మట్టితో పూడ్చి, పైన బండలు పరిచారు. అనురాధ ఆ కాగితం తీసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

మార్కండేయులు దగ్గర డిప్లొమా లేదు, సర్టిఫికెట్టు లేదు. ఉన్నదల్లా ఒక్క శాలువా. ముప్పై ఏళ్ళ కింద నేతగాళ్ళ సంఘం వాళ్ళు ఆయన పేరు మీద వచ్చిన చీర చూసి, జిల్లాలోనే మేలైన నేత అని సభ పెట్టి కప్పినది. ఆ ఫొటో ఉంది. వెలిసిపోయిన రంగుల్లో, మెడ వంచుకుని, తప్పు చేసి దొరికినవాడిలా నిలబడి ఉన్నాడు. సిగ్గరి మనిషి కదా అనుకుంది అనురాధ. ఆ ఫొటోను నడుమ పెట్టి, చుట్టూ మిగతాది అల్లాలని లెక్క వేసుకుంది. పోటీకి వచ్చేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు. ఈ శాలువా ఒక్కటే వాళ్ళ ముందు నిలబెట్టేది.

మొదటి రోజు అసిస్టెంటు రాసిన స్లైడు చూసి ఇద్దరూ నవ్వారు. ‘చేనేత రంగంలో దిగ్గజం’ అని పెట్టింది. దిగ్గజం అంటే ఏందని ఆయన అడిగితే, పెద్ద ఏనుగు అని కూతురు చేతులతో తొండం చూపించింది. మార్కండేయులు తన బక్క చేతుల వైపు చూసుకుని, ఏనుగును తీసెయ్యమన్నాడు. తీసేసింది. ఇలా ఆమె అడగడం, అరవడం, ఆయన సగం విని వేరేది చెప్పడం, గంట గడిచేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. గిరాకీలు వచ్చి వరుసలో నిలబడ్డారు. చివరికి విసుగొచ్చి, అవే స్లైడ్లను మార్చగలిగేలా ఫోనులో అసిస్టెంటును తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి, ఆయన చేతిలో పెట్టింది. నువ్వు మాట్లాడు, అది రాస్తుంది, చదువుకుని మళ్ళీ మాట్లాడు అని కాగితం మీద రాసి చూపించింది.

"దీంట్ల కూసున్నదెవలు?" అన్నాడాయన.

ఎవరూ లేరు, మిషనే అని ఆమె రాసింది. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. మిషన్ల మధ్య బతుకంతా గడిపినవాడు, మిషన్లు ఎలా ఉంటాయో ఆయనకు తెలుసు. తెర మీద అక్షరాలు మెల్లగా వచ్చాయి. ‘మార్కండేయులు గారూ, నమస్కారం. మీ గుంట మగ్గం ఎలా ఉండేదో చెబుతారా? తొందరేమీ లేదు.’

తొందరేమీ లేదు. ఆయన ఆ రెండు మాటల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. పదేళ్ళ నుంచి ఆయనతో ఎవరూ ఆ మాట అనలేదు.

అక్కడ మొదలైంది. దుకాణం మూలన పాత పేపర్ల కట్టల మీద కూర్చుని, బయట ముసురు పడుతుంటే, మార్కండేయులు ఫోనుకు తన మగ్గం చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నాలు గిరాకీ లేని వేళ అనురాధకు ఆ గొంతు వినిపిస్తూ ఉండేది. ఎండాకాలం గుంటలో కాళ్ళు పెడితే చల్లటి నేల పిక్కల దాకా ఎక్కేదట. తడి మట్టి వాసన, గంజి వాసన కలిసి ఉండేవట. దారపు కండె మోసే నాడె అటునుంచి ఇటు పోతుంటే పిల్లలకు జోల పాడినట్టుండేదట. చెబుతూ చెబుతూ ఆయన కళ్ళు మూసుకునేవాడు. నిద్రో మెలకువో తెలిసేది కాదు. చేతులు మాత్రం గాలిలో నాడె విసిరి పట్టుకునేవి. ఫోను తెర ఆరిపోయేది. కాసేపటికి ఆయనే లేచి, ఎక్కడ ఆపాన్నో అని దాన్నే అడిగేవాడు. అది చెప్పేది. ఫోన్ల కూసున్న సారు మస్తు ఓపికమంతుడు బిడ్డా అని మెచ్చుకునేవాడు.

బొమ్మల దగ్గర మాత్రం సారుకు చీవాట్లు తప్పలేదు. పాత రోజుల ఫొటోలు లేవు కాబట్టి ఆ బొమ్మలను అసిస్టెంటే గీయాలి. మొదట గీసినదానిలో తలపాగా చుట్టుకున్న ఓ అందగాడు కుర్చీ మీద కూర్చుని, పట్టపగలు దీపాల మధ్య నేస్తున్నాడు. కాళ్ళేవి, గుంటేది, కుర్చీల కూసుండి నేసేటిది పట్వారి మగ్గమా అని మార్కండేయులు కసిరాడు. మళ్ళీ గీసింది. గుంట వచ్చింది కాని బావిలా వచ్చింది. మళ్ళీ గీసింది. నాలుగు రోజులకు, ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో, నేలకు సమానంగా మనిషి నడుము, గోడకు కట్టిన తాళ్ళు, పైకప్పు సందులోంచి పడుతున్న ఒక్క ఎండ చార. ఆయన ఆ బొమ్మను చూస్తూ ఎంతసేపు ఉండిపోయాడంటే, అనురాధ లేచి వచ్చి భుజం తట్టింది. ఆయన గబుక్కున ఫోను బోర్లించాడు. ముసలోడికి దాచుకునే ముచ్చట్లు కూడా ఉన్నాయే అని ఆమె ముసిముసిగా నవ్వుకుంది.

ఎనిమిదో రోజుకు పన్నెండు స్లైడ్లు తయారయ్యాయి. ఒకటో దాంట్లో ఆయన పేరు, ఊరు. తర్వాత చిన్నతనం, మగ్గం, చీరలు, శాలువా, సాంచాలు, శిక్షణ ఎలా ఇస్తాడన్నది, చివరన రెండు చేతులు జోడించిన ధన్యవాదాలు. అనురాధ ఒకటికి నాలుగుసార్లు చూసుకుంది. మచ్చ లేదు. తెల్లారి ఆమె వంట చేస్తుంటే, మార్కండేయులు అరుగు మీద కూర్చుని చివరిసారి ఫోనుతో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఆమె పట్టించుకోలేదు. పప్పు తాలింపు పెట్టే పనిలో ఉంది.

జగిత్యాల బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. పొలాలన్నీ నీళ్ళు నిండి ఆకాశాన్ని మోస్తున్నాయి. మబ్బు కిందికి దిగిందో, నేల పైకి లేచిందో తెలియకుండా ఉంది. ఆయన మొహం తేటగా ఉంది. ఇన్నేళ్ళకు బరువేదో దించుకున్నవాడిలా ఉన్నాడు. ఉద్యోగం వస్తుందన్న ధీమా కాబోలు అనుకుంది అనురాధ. రాకపోతే ఈ మొహం ఎలా చూడాలి?

శిక్షణ కేంద్రం హాల్లో ముందు వరుసలో కమిటీ. నడుమ కూర్చున్నావిడ సుధ మేడం, కేంద్రం పెద్ద. యాభై ఏళ్ళుంటాయి, నేత చీర, పొదుపైన మాట. తలుపు దగ్గర గుమాస్తా హన్మండ్లు పేర్లు పిలుస్తున్నాడు. మార్కండేయులుకు ముందు వెళ్ళినవాళ్ళ స్లైడ్లలో అక్షరాలు ఎగిరొచ్చాయి, గ్రాఫులు పెరిగాయి, ఒకాయన ఇంగ్లీషులో దంచేశాడు. వీళ్ళ వంతు వచ్చింది. బాపుకు వినిపించదని, ఏమన్నా అడగాలంటే కాగితం మీద రాసిస్తే చదువుతాడని అనురాధ మొదలే మేడానికి చెప్పుకుంది. ల్యాప్‌టాప్ పెట్టి ఫైలు తెరిచింది.

తెర మీద రెండు చేతులు జోడించి ‘ధన్యవాదాలు’ అని వచ్చింది.

అయిపోయిందామ్మా, ఇంక షురువే గాలేదు గద అని హన్మండ్లు అన్నాడు. హాల్లో నవ్వులు. పక్కన వరుస చూసింది. అన్నీ తలకిందులు. ఆఖరుది ముందుకొచ్చింది, ముందుది ఆఖరుకు పోయింది. సరిచేయడానికి వేళ్ళు గబగబా కదిలించబోతే, మార్కండేయులు ఆమె చేయి పట్టుకున్నాడు. వద్దన్నట్టు తల ఊపి, కమిటీ వైపు తిరిగాడు.

"గాబరా గాకుండ్రి మేడం, నేనే గట్ల వెట్టుమన్న. బట్ట తాను చుట్టినప్పుడు మొదలు నేసింది లోపటికి పోతది. ఆఖరుకు నేసింది మీద ఉంటది. ఇప్పుకుంట పోతె మొదలు ఆఖరుకు అస్తది. నాకు గిట్లనే చెప్పవస్తది."

సుధ మేడం పెన్ను కింద పెట్టి, కానిమ్మన్నట్టు చేయి చూపింది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో స్లైడుకు రెండు మూడు మాటలు, అంతే. సాంచాల కార్ఖానా వచ్చింది. ఇక్కడ నా చెవులు పోయినయి అన్నాడు. శాలువా వచ్చింది. దాని దగ్గర మాత్రం ఏమీ అనకుండా ముందుకు పొమ్మని సైగ చేశాడు. కమిటీలో ఒకాయన ఆ ఫొటో చూసి పక్కాయన చెవిలో ఏదో మెచ్చుకోలుగా అన్నాడు. చీరలు వచ్చాయి. గంజి పెట్టిన పడుగు దారాలు ఎండలో పరిచిన వీధి వచ్చింది. గుంట వచ్చింది. అనురాధ ఒక్కో మీట నొక్కుతుంటే, తామిద్దరూ వెనక్కి నడుస్తున్నట్టనిపించింది ఆమెకు. బాపు జుట్టు నల్లబడుతోంది. చెవులు వినిపించడం మొదలవుతోంది. స్లాబు పోయి పెంకుటిల్లు వచ్చింది, నేల మీద బండలు పోయి మట్టి వచ్చింది, తానొక చిన్న గౌను తొడుక్కున్న పిల్ల అయిపోయి, ఇంకాసేపటికి ఆ పిల్ల కూడా లేదు. హాలంతా వింటోంది. ఇంగ్లీషు మాట్లాడినాయన కూడా కుర్చీ అంచుకు జరిగాడు.

పన్నెండో స్లైడు. ‘మార్కండేయులు, నేత కార్మికుడు, సిరిసిల్ల.’ ఆయన చేతులు జోడించాడు. చప్పట్లు మొదలయ్యాయి. అయిపోయింది, గెలిచాం అనుకుంది అనురాధ.

అప్పుడు ల్యాప్‌టాప్ మూలన అంకె కనిపించింది. పదమూడులో పన్నెండు.

తాను చేసినవి పన్నెండే. పక్కన వరుసలో అన్నిటికన్నా కింద, గోరంత బొమ్మగా, ఆమె ఎన్నడూ చూడని స్లైడొకటి ఉంది. వంగి చూసింది. అదే గుంట, అదే ఎండ చార. కాని గుంటలో కూర్చుని నేస్తున్నది ఆడమనిషి. మగమనిషి పక్కన నిలబడి చూస్తున్నాడు. కింద నాలుగు వరుసలు ఆయన మాటల్లోనే ఉన్నాయి. ‘నాకు మగ్గం నేర్పింది నా భార్య నర్సవ్వ. శాలువ కప్పిన చీర ఆమె నేసింది. నేను రాత్రి సాంచాలు నడిపి పగలు పండుకునేది, తలుపు పెట్టుకొని ఆమె నేసేది. ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పలే.’

ఆ కాలంలో, ఆ వాడలో ఆడది కండెలు చుట్టాలి, దారం తోడాలి, గుంటలో మాత్రం కాలు పెట్టకూడదు. పెడితే మగవాడి నేత చెడుతుందని ఒక మాట. రాత్రంతా సాంచాలు, పగలంతా మగ్గం, మార్కండేయులు మనిషా రాక్షసుడా అని వాడంతా చెప్పుకునేది. అనురాధ కూడా అదే విని పెరిగింది. కాని ఇప్పుడు ఆ గోరంత బొమ్మ చూస్తుంటే ఏదో లోపలినుంచి లేచొచ్చింది. నాలుగేళ్ళ వయసు. మధ్యాహ్నం నిద్రలేచి చూస్తే అవ్వ, తనను కన్న తల్లి, సగం నేలలో ఉంది. నడుము కింద ఏమీ లేదు. నేలలోంచి మొలిచిన చెట్టులా, తన తలతో సమానంగా అవ్వ తల ఉంది. అవ్వ నేలలకు పోయింది అని ఏడిస్తే, నర్సవ్వ ఒళ్ళోకి తీసుకుని, కల గన్నవు బిడ్డా, ఎవలకు చెప్పకు అంది. ముప్పై ఏళ్ళు అది కలే అనుకుంది అనురాధ.

చప్పట్లు ఆగుతున్నాయి. మార్కండేయులు కూతురి వైపు చూడటం లేదు. ఆయన లెక్కలో పని అయిపోయింది. బట్ట తాను కొనే సేటు పై రెండు చుట్లు ఇప్పి చూసి బేరం చేస్తాడు, లోపలి మొదలు దాకా ఎన్నడూ ఇప్పడు. కమిటీ కూడా అంతేనని, తన పేరు కనిపించగానే చాలంటారని ఆ నేతగాడు నమ్మాడు. నిజం చెప్పాలి, కాని అది లోపల ఉండాలి. ఇదీ ఆయన వేసుకున్న లెక్క.

ల్యాప్‌టాప్ మూసేస్తే సరిపోతుంది. అబద్ధమాడినట్టు కాదు, ఊరికే మూసినట్టు. ఉద్యోగం ఆయనది, గుంట ఆయనది. మీట నొక్కితే శాలువా పోతుంది, శాలువాతో పాటు ఉన్న ఒకే ఒక్క ఆధారం పోతుంది. వెనక వరుసలో డిప్లొమాలు ఏడు ఎదురుచూస్తున్నాయి. అనురాధ వేలు మీట మీదికి పోయింది. అవ్వ బతుకంతా తలుపు పెట్టుకునే నేసింది. ఇప్పుడు ఈ మూత కూడా నేనే పెట్టాలా అనుకుంది. కళ్ళు మూసుకుని నొక్కేసింది.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం మార్కండేయులుకు తెలియదు. అందరి మొహాలూ తెర వైపు తిరగడం చూసి తానూ తిరిగాడు. తన మాటలు గోడంత పెద్దగా ఉన్నాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, కొత్తవాటిలా చదివాడు. ఆఖరి వరుస దగ్గర ఆగిపోయాడు.

"మొత్తం ఇప్పినవా బిడ్డా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

అనురాధ తల ఊపింది. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి జారాయి, తుడుచుకోలేదు. శాలువా మెచ్చుకున్నాయన మొహం ముడుచుకుని, అయితే ఈయన నేసింది ఏది అని గట్టిగానే అన్నాడు. సుధ మేడం కాగితం తీసుకుని ఒక్క వాక్యం రాసి, తానే లేచి వచ్చి మార్కండేయులు చేతిలో పెట్టింది. ‘ఆమె మీకు ఎట్ల నేర్పింది?’

ఆయన కాగితం చదివాడు. తర్వాత చెప్పులు విడిచి, వేదిక అంచున కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. పదమూడో స్లైడు వెలుతురు ఆయన వీపు మీద పడింది. అరికాళ్ళు ఒకటి విడిచి ఒకటి తొక్కడం మొదలుపెట్టాయి. కుడి చేయి లేని తాడు గుంజింది. అప్పుడు ఆయన నోటినుంచి ఆయనది కాని గొంతు వచ్చింది. కొంచెం సన్నం, కొంచెం విసురు, మాట చివర కొంచెం నవ్వు.

"ఏందయ్యా, తొక్కుమంటె భూమి పలగ్గొడ్తవా? మెల్లగ. పోగుకు గూడ పానముంటది. ఆఁ, తెంపినవా? తెగితె తెగనీ, మొకం మాడ్చకు. ముడి ఎయ్యి. గట్ల గాదు, నా చెయ్యి జూడు. ముడి ఎయ్యరానోడు ఎన్ని చీరెలు నేసినా నేతగాడు గాదు. ఆఁ, గిప్పుడు తొక్కు."

అనురాధ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తొమ్మిదేళ్ళ తర్వాత అవ్వ మాట్లాడుతోంది. చెవులు పోయిన మనిషి ఆ గొంతును చెవుల్లో కాకుండా ఎక్కడ దాచుకున్నాడో, ఒక్క ముక్క చెడకుండా బయటికి తీస్తున్నాడు. ముందు వరుసలో మొహం ముడుచుకున్నాయన ఆ కాళ్ళనే చూస్తున్నాడు. సాంచాలు నడిపినవాడి కాళ్ళు కావవి. గుంట తెలిసిన కాళ్ళు.

ఆయన ఆగి, తన గొంతుతో అన్నాడు.

"ఆర్నెల్లు గిట్లనే తిట్టింది మేడం. ఆర్నెల్లు, రోజు ఏడిపిచ్చింది. తరువాత నేను గూడ నేసిన, నాయి గూడ మంచిగనే ఉండె. ఆమె అంత మంచిగ లేవు."

ఫలితం ఫోను చేసి చెబుతామని పంపించేశారు. తిరుగు బస్సులో ఆయన నిద్రపోయాడు. అనురాధ ఫోను తెరిచి, పొద్దున అరుగు మీద ఆయన దానితో పెట్టిన ముచ్చట చదివింది. నర్సవ్వ ముచ్చటను ఓ స్లైడుగా అన్నిటికన్నా ముందు పెట్టించి, ఇగ అన్ని తాను చుట్టినట్టు పెట్టు, మొదలు లోపట, ఆఖరు మీద అని ఆయన చెప్పాడు. ‘అలాగే మార్చాను. కానీ ఈ కొత్త స్లైడు చివరన అందరికీ కనిపిస్తుంది. మీకు సమ్మతమేనా?’ అని అది అడిగింది. లోపట ఉంటది గద సారూ, గంత దాక ఎవలు జూస్తరు, సరె అన్నాడు. ఆ కింద ఇంకో ప్రశ్న కూడా ఉంది. నర్సవ్వ గారి గురించి ఇంకేమైనా చేర్చాలా అని. దానికి జవాబు లేదు. అప్పుడే అనురాధ ఆయనను అన్నానికి పిలిచి ఉంటుంది.

పన్నెండు రోజులు ఫోను రాలేదు. మార్కండేయులు అడగలేదు, కాని ఫోను మోగినప్పుడల్లా కూతురి పెదవుల వైపు చూసేవాడు. పదమూడో రోజు మధ్యాహ్నం హన్మండ్లు చేశాడు. ముసలాయనను తీసుకుని రమ్మన్నాడు, వచ్చేది ఇరవై మంది ఆడవాళ్ళు కాబట్టి, ఆడమనిషి దగ్గర నేర్చుకున్నవాడికే వాళ్ళకు నేర్పడం తెలుస్తుందని మేడం పట్టుబట్టిందన్నాడు. అనురాధ ఫోను పెట్టేసి, ఉన్న తెల్లకాగితం మీద ఇంత పెద్ద అక్షరాలతో ‘వచ్చింది’ అని రాసింది. ఆయన చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

మర్నాడు జగిత్యాలలో, హన్మండ్లు టేబుల్ ముందు కూర్చుని అనురాధ చేరిక ఫారం నింపింది. పేరు, ఊరు, పుట్టిన ఏడాది. విద్యార్హత దగ్గర పెన్ను ఆగింది. బడి చదువు అయిదో తరగతి అని రాయబోతే, మార్కండేయులు వేలు అడ్డం పెట్టాడు.

"నర్సవ్వ కాడ ఆర్నెల్లు అని రాయి."

అనురాధ హన్మండ్లు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, రాస్తే రాసుకోండన్నట్టు. రాసింది. దాని పక్కనే ఇంకో గడి ఉంది. ఉత్తీర్ణుడయ్యాడా లేదా అని. అనురాధ వేలు పెట్టి చూపించి, పాసా అని కాగితం మీద రాసింది.

మార్కండేయులు కళ్ళద్దాలు సరిచేసుకుని ఆ గడి చదివాడు.

"గా మాట ఆమె ఎన్నడు చెప్పలే బిడ్డా," అన్నాడు. "ఖాళీగనె ఉండనియ్యి."

అనురాధ ఆ గడి వదిలేసి, కింద సంతకం పెట్టే చోటు చూపించింది.